కోవిడ్ టైంలో సర్జరీ నేర్చుకున్నవాళ్ల కథ: ఆపరేషన్లు ఆగిపోతే సర్జన్ ఎట్లా తయారవుతాడు?

ఫోన్ చేతిలోనే ఉంది కదా, ఒక్క నిమిషం నాతో పాటు ఊహించుకోండి. షూస్ కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె ఒకటి. పైన ఫోన్ కెమెరా పట్టేంత రంధ్రం, ముందు వైపు ఇంకో రెండు చిన్న రంధ్రాలు. ఆ రెండిట్లోంచి రెండు పొడవాటి పరికరాలు లోపలికి పంపాలి. పెట్టెలో ఒక మూతలో ఉన్న శనగ గింజను పట్టుకుని పక్క మూతలో వేయాలి. పెట్టెలోకి తొంగి చూడొద్దు, ఫోన్ స్క్రీన్ మాత్రమే చూడాలి.

2020లో మా ఇంటర్ దోస్తు ఒకడు హాస్టల్ రూంలో కూసొని రోజూ ఇదే చేస్తుండె. వాడు అప్పుడు ఎంఎస్ జనరల్ సర్జరీ సెకండ్ ఇయర్. నేను కరీంనగర్‌లో మా ఇంట్లో, వర్క్ ఫ్రం హోం. వీడియో కాల్‌లో చూపిస్తే నేను నవ్విన. "ఏందిరా, ఎంబీబీఎస్ చదివి శనగలు ఏరుతున్నవా" అన్న. వాడు నవ్వలే. ఆపరేషన్ థియేటర్‌లోకి పోయి నాలుగు నెలలైంది, చేతులు మర్చిపోతయేమో అని భయమైతుంది అన్నడు.

ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. మనమందరం కోవిడ్ అంటే లాక్‌డౌన్, ఆక్సిజన్ సిలిండర్, వ్యాక్సిన్ సర్టిఫికెట్ ఇవే గుర్తు చేసుకుంటాం. కానీ అదే టైంలో సర్జన్ అవ్వాల్సినవాళ్లు ఆపరేషన్లు చేయకుండా ఉండిపోయారు. వాళ్లే ఇప్పుడు మన జిల్లాల్లో డాక్టర్లుగా ఉన్నారు. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందు, సర్జన్ ఎట్లా తయారవుతాడో చూద్దాం. ఎంబీబీఎస్ అయ్యాక నీట్ పీజీ రాసి, సీటు వస్తే మూడేళ్లు ఎంఎస్. పేరుకి అది చదువు, నిజానికి అది పని. ప్రతి పెద్ద హాస్పిటల్‌లో సర్జరీ డిపార్ట్‌మెంట్ యూనిట్లుగా ఉంటుంది. ఒక్కో యూనిట్‌కి ఒక ప్రొఫెసర్, కింద అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు, సీనియర్ రెసిడెంట్, వాళ్ల కింద ఈ పీజీలు. యూనిట్‌కి వారంలో కొన్ని రోజులు ఓపీ, కొన్ని రోజులు ఆపరేషన్లు, ఒక రోజు ఎమర్జెన్సీ డ్యూటీ.

ఫస్ట్ ఇయర్ పీజీ అంటే, మన కంపెనీ భాషలో ఫ్రెషర్ అనుకోండి. రక్తం శాంపిళ్లు తీయాలి, కట్లు కట్టాలి, కేస్ షీట్లు రాయాలి, స్కానింగ్ రిపోర్టుల కోసం తిరగాలి. ఆపరేషన్లో నిలబడి రిట్రాక్టర్ పట్టుకోవాలి. అంటే కోసిన చోట కండను పక్కకు లాగి పట్టుకునే పరికరం. గంటలకొద్దీ అట్ల పట్టుకునే నిలబడాలి. సెకండ్ ఇయర్‌లో జూనియర్లు వస్తారు, ఆ కిందిపని వాళ్లకు పోతుంది, అప్పుడు చేతికి కత్తి వస్తుంది. సార్ ఎదురుగా నిలబడి చెప్తుంటే హెర్నియా, హైడ్రోసిల్, అపెండిక్స్ చేస్తారు. అపెండిక్స్ అంటే మన ఊళ్లల్లో 24 గంటల కడుపునొప్పి అంటారు చూడండి, అదే. థర్డ్ ఇయర్‌కి వచ్చేసరికి గాల్ బ్లాడర్ రాళ్లు, పేగు అతికించడం లాంటివి, ఎమర్జెన్సీలో సగం నిర్ణయాలు వాళ్లవే.

సర్జన్లలో పాత సామెత లాంటి మాట ఒకటి ఉంది. ఒకటి చూడు, ఒకటి చెయ్యి, ఒకటి నేర్పు అని. నిజానికి ఒకటి సరిపోదు, చాలా చేయాలి. ఎందుకంటే ఏ ఇద్దరి కడుపూ లోపల ఒకేలా ఉండదు. పుస్తకంలో బొమ్మ నీట్‌గా ఎరుపు, నీలం, పసుపు రంగుల్లో ఉంటుంది. లోపల అన్నీ ఒకే రంగులో అతుక్కుని ఉంటాయి. ఏది లాగితే వస్తుంది, ఏది లాగితే చిరుగుతుంది అనేది వేళ్లకే తెలియాలి. నేను ఎన్ని యూట్యూబ్ ట్యుటోరియల్స్ చూసినా, మొదటిసారి లైవ్ సర్వర్ మీద కమాండ్ కొట్టినప్పుడు చెయ్యి వణికింది. నా తప్పుకి ఒక వెబ్‌సైట్ పది నిమిషాలు ఆగుతుంది, అంతే. వాళ్ల తప్పు అట్లా కాదు కదా.

ఇప్పుడు 2020కి వద్దాం. తెలంగాణలో మొదటి కేసు మార్చి 2న బయటపడింది. మన కరీంనగర్ వాళ్లకైతే మార్చి మూడో వారం చెప్పక్కర్లేదు. విదేశాల నుంచి వచ్చిన ఒక గ్రూపులో పాజిటివ్‌లు వచ్చి, దేశమంతా లాక్‌డౌన్ రాకముందే ముకరంపుర, కలెక్టరేట్ చుట్టుపక్కల ఇంటింటికీ టీంలు తిరిగినయి. సరిగ్గా అదే వారం, మార్చి 20న, కేంద్ర ఆరోగ్య శాఖ హాస్పిటళ్లకు ఒక అడ్వైజరీ ఇచ్చింది. అత్యవసరం కాని, ముందే డేట్ పెట్టుకుని చేసే ఆపరేషన్లు వాయిదా వేయండి అని. వాటిని ఎలెక్టివ్ సర్జరీలు అంటారు. హెర్నియా, హైడ్రోసిల్, గాల్ బ్లాడర్, థైరాయిడ్ గడ్డలు అన్నీ ఈ లిస్టులోవే.

ఒక్కసారి పై లిస్టు, ఈ లిస్టు పక్కపక్కన పెట్టి చూడండి. పీజీలు నేర్చుకునేది ఏ ఆపరేషన్ల మీదనో, ఆగిపోయినవి అవే.

ఆ ఆర్డర్ తప్పని నేను అనట్లేదు. బెడ్లు కావాలి, మత్తు డాక్టర్లు కావాలి, వెంటిలేటర్లు కావాలి. ఇంకో కారణం కూడా ఉంది. 2020 మే నెలలో లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో ఒక స్టడీ వచ్చింది. ఆపరేషన్ టైంలో కోవిడ్ ఉన్న 1,128 మంది పేషెంట్లను 24 దేశాల్లోని 235 హాస్పిటళ్లలో చూస్తే, 30 రోజుల్లోపు దాదాపు 24 శాతం మంది చనిపోయారు. నలుగురిలో ఒకరు దాదాపుగా. ఇట్లాంటి లెక్క ముందు పెట్టుకుని హెర్నియా ఇప్పుడే చేద్దాం అని ఏ డాక్టర్ అంటాడు?

అదే రీసెర్చ్ గ్రూప్ ఇంకో అంచనా వేసింది. ఆ మొదటి పీక్ 12 వారాల్లో ప్రపంచమంతా కలిపి 2 కోట్ల 84 లక్షల ఎలెక్టివ్ ఆపరేషన్లు క్యాన్సిల్ అవ్వడమో, వాయిదా పడటమో జరుగుతుందని. మన దేశంలో 5 లక్షల 80 వేలకు పైగా. పేపర్లు దీన్ని పేషెంట్ల వైపు నుంచి రాశాయి, అది కరెక్టే. కానీ ఆ ప్రతి ఆపరేషన్‌లో సర్జన్ ఎదురుగా ఒక పీజీ నిలబడాల్సిన జాగా కూడా ఖాళీ అయ్యింది.

జరిగిన ఆపరేషన్లలో కూడా పరిస్థితి మారింది. ఎమర్జెన్సీ వస్తే, లోపల ఎంత తక్కువ మంది ఉంటే అంత మంచిది. ఎంత తొందరగా అయితే అంత మంచిది. అంటే ఏం చేస్తారు? అందరికన్నా సీనియర్ చేసేస్తారు. సెకండ్ ఇయర్ పిల్లగాడికి చెప్పుకుంటూ, ఆపి చూపించుకుంటూ చేయడానికి అది టైం కాదు. పీపీఈ కిట్, లోపల చెమట, కళ్లద్దాల మీద ఆవిరి, రెండేసి గ్లౌజులు. వేలికి దారం తగిలేదే సరిగ్గా తెలియదు. ల్యాపరోస్కోపీ, అదే చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్, మొదట్లో చాలాచోట్ల తగ్గించేశారు. కడుపులో గ్యాస్ నింపి చేస్తారు కాబట్టి ఆ గ్యాస్‌తో వైరస్ బయటకు వస్తుందేమో అని భయం. అపెండిక్స్ నొప్పితో వచ్చిన కొందరికి యాంటీబయాటిక్స్ ఇచ్చి నెట్టుకొచ్చారు.

మరి పీజీలు ఖాళీగా కూర్చున్నారా? లేదు, అంతకుముందు కన్నా ఎక్కువ పని చేశారు. కాకపోతే సర్జరీ పని కాదు. ఎముకల డాక్టర్, కంటి డాక్టర్, సర్జరీ పీజీ అని తేడా లేకుండా అందరికీ కోవిడ్ వార్డు డ్యూటీలు. ఆక్సిజన్ లెవెల్ చూడటం, శాంపిళ్లు తీయడం, చనిపోయినవాళ్ల ఇంటికి ఫోన్ చేసి చెప్పడం.

మన రాష్ట్రంలో దీనికి అసలైన ఉదాహరణ సికింద్రాబాద్ గాంధీ హాస్పిటల్. తెలంగాణలో పెద్ద టీచింగ్ హాస్పిటళ్లలో ఒకటి, మన కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి సీరియస్ కేసులు పోయేది కూడా చాలావరకు అక్కడికే. 2020 వసంతంలో దాన్ని మొత్తం కోవిడ్ హాస్పిటల్ చేశారు. మామూలు సేవలు మళ్లీ మొదలైంది ఆ సంవత్సరం నవంబర్‌లో. 2021 ఏప్రిల్‌లో సెకండ్ వేవ్ వచ్చింది, మళ్లీ పూర్తి కోవిడ్. తిరిగి తెరిచింది ఆగస్టులో. వేళ్ల మీద లెక్కపెట్టండి. 2019లో అక్కడ సర్జరీలో చేరిన పీజీకి మూడేళ్ల కోర్సులో దాదాపు ఒక సంవత్సరం పాటు సొంత హాస్పిటల్‌లో మామూలు సర్జరీ అనేదే లేదు.

2020 జూన్ 9 రాత్రి అక్కడ ఒక పేషెంట్ చనిపోతే బంధువులు డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ మీద దాడి చేశారు. జూనియర్ డాక్టర్లు రోడ్డు మీద కూర్చున్నారు. అప్పటి ఆరోగ్య మంత్రి ఈటల రాజేందర్, అప్పుడు మన హుజూరాబాద్ ఎమ్మెల్యే కూడా, వచ్చి మాట్లాడాక విరమించారు. టీవీలో మనకు కనిపించింది దాడి, సెక్యూరిటీ డిమాండ్. ఇంకో డిమాండ్ కూడా ఉండె. కోవిడ్ పేషెంట్లందర్నీ ఒక్క గాంధీలోనే పెట్టకండి, వేరే హాస్పిటళ్లకు, జిల్లాలకు పంచండి అని. అట్ల పంచితే పని భారం తగ్గుతుంది. నా లెక్క ప్రకారం దాంట్లో ట్రైనింగ్ విషయం కూడా ఉంది. ప్రతి హాస్పిటల్‌లో కొంత కోవిడ్, కొంత మామూలు వైద్యం నడిచి ఉంటే, ఒక్క కాలేజీ పీజీలే ఏడాది మొత్తం పోగొట్టుకునేవాళ్లు కాదు.

పైకి, మన ఆదిలాబాద్‌కి పోదాం. హైదరాబాద్ 300 కిలోమీటర్లు. అందుకే అక్కడి జనం సీరియస్ అయితే నాగ్‌పూర్, యవత్మాల్, సేవాగ్రామ్ కూడా పోతారు. లాక్‌డౌన్‌లో పెన్‌గంగ బ్రిడ్జి దాటడమే కష్టమైంది. కిందికి చూస్తే గాంధీలో కోవిడ్ తప్ప ఏమీ లేదు. అట్లాంటప్పుడు ఉట్నూర్ ఏజెన్సీలో ఒకాయనకు హెర్నియా ఇరుక్కుందనుకోండి, ఉన్న ఆశ ఆదిలాబాద్ రిమ్స్, అక్కడ డ్యూటీలో ఎవరున్నారో వాళ్లే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనికే వస్తాను. చిన్న చోట సర్జన్ ఒక్కడే ఉంటాడు.

ఇంకో దెబ్బ ఎవరూ పెద్దగా మాట్లాడనిది, నాకైతే అన్నిటికన్నా అన్యాయంగా అనిపించింది. అప్పట్లో మామూలుగా జనవరిలో జరిగే నీట్ పీజీ 2021లో ఏప్రిల్ 18కి పెట్టారు. సెకండ్ వేవ్ వల్ల వాయిదా. మే 3న కనీసం నాలుగు నెలలు అని ప్రకటించారు. చివరికి సెప్టెంబర్ 11న జరిగింది. అయిపోయిందా? లేదు. ఈడబ్ల్యూఎస్ కోటా మీద సుప్రీంకోర్టులో కేసు నడిచింది, కౌన్సెలింగ్ ఆగింది, డిసెంబర్‌లో ఢిల్లీలో రెసిడెంట్ డాక్టర్లు రోడ్డెక్కారు. కౌన్సెలింగ్ మొదలైంది 2022 జనవరి 12న.

దీని అర్థం ఏంటో చూడండి. 2020లో చేరిన పీజీ బ్యాచ్‌కి దాదాపు ఏడాదిన్నర జూనియర్లు రాలేదు. పైన చెప్పాను కదా, జూనియర్లు వస్తేనే కిందిపని పోయి కత్తి చేతికొస్తుందని. వీళ్లు పేరుకి సెకండ్ ఇయర్, పని మాత్రం ఫస్ట్ ఇయర్‌దే. ఫైనల్ ఇయర్ వాళ్లని కొత్త బ్యాచ్ వచ్చేదాకా డ్యూటీల్లో కొనసాగించుకోవచ్చని కేంద్రం చెప్పింది. అది కోవిడ్ డ్యూటీ కోసం, పోయిన ఆపరేషన్లు నేర్పడం కోసం కాదు. కంపెనీలో రెండేళ్లు కొత్త రిక్రూట్‌మెంట్ ఆపేస్తే ఉన్న ఫ్రెషరే ఫ్రెషర్‌గా మిగిలిపోతాడు, గట్లనే.

నష్టమే కాదు, వింత లాభం కూడా జరిగింది. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ని నోటిఫై చేసింది, అంటే కేసు వస్తే ప్రభుత్వానికి చెప్పి తీరాలి. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ హాస్పిటల్‌ని దానికి నోడల్ సెంటర్ చేశారు. షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్లలో ఈ ఫంగస్ ముక్కు వెనక గదుల్లోకి, కంట్లోకి, ఒక్కోసారి మెదడులోకి పాకుతుంది. మందు ఒక్కటే సరిపోదు, చచ్చిపోయిన కండంతా గీకి తీసేయాలి. ఒక్కోసారి కన్నే తీయాల్సి వస్తుంది. అంతకుముందు ఎప్పుడో ఒకటి వచ్చే కేసు, ఇప్పుడు వార్డులు వార్డులు. ఆ నెలల్లో ఈఎన్‌టీ పీజీలు ముక్కులోంచి ఎండోస్కోప్ పెట్టి చేసే ఆపరేషన్లు బాగా చూశారు. అదే పీజీకి మామూలు కర్ణభేరి ఆపరేషన్, టాన్సిల్స్ మాత్రం లాగ్‌బుక్‌లో తక్కువ. అంటే నేర్చుకోలేదు అని కాదు, ఒక పక్కకే నేర్చుకున్నారు.

మరి దీన్ని ఎవరు ఎట్లా సర్దారు? బయట దేశాలు లెక్కలతో సర్దాయి. అమెరికాలో జనరల్ సర్జరీ అయిదేళ్లు, కనీసం 850 ఆపరేషన్లు చేసి ఉండాలి. 2020లో బయటకు వచ్చేవాళ్లకు అక్కడి సర్జరీ బోర్డు అందులో 10 శాతం తగ్గినా ఒప్పుకుంది. బ్రిటన్‌లో ప్రతి ఏడాది ట్రైనీకి ఇచ్చే రిజల్ట్‌లో కోవిడ్ కోసమే ఒక కొత్త కోడ్ పెట్టారు, అవుట్‌కమ్ 10 అని. 10.1 అంటే కోవిడ్ వల్ల వెనకబడ్డాడు, అయినా ముందుకు పోవచ్చు. 10.2 అంటే వెనకబడ్డాడు, ఎక్స్‌ట్రా టైం ఇవ్వాలి, తప్పు మాత్రం అతనిది కాదు. నాకు ఈ పద్ధతి నచ్చింది. బగ్ ఎక్కడుందో కనీసం రాసిపెట్టారు.

మన దగ్గర లాగ్‌బుక్ ఉంటుంది, చేసిన కేసులు రాస్తే సార్లు సంతకం పెడతారు. చివర్లో థియరీ పేపర్లు, ప్రాక్టికల్స్. ప్రాక్టికల్స్ అంటే ఒక పేషెంట్‌ని పరీక్షించి, జబ్బు ఏంటో చెప్పి, ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎక్స్‌రేలు, పరికరాలు చూపించి అడుగుతారు. ఆపరేషన్ చేయించి చూడరు. మన బీటెక్‌లో సి ప్రోగ్రాం పేపర్ మీద రాసి పాసైనం కదా, ఇంచుమించు గట్లనే. కాబట్టి థియేటర్‌లో ఏడాది పోయినా, చదివినవాడు పాసవుతాడు. జూమ్‌లో వెబినార్లు కుప్పలుగా జరిగినయి, థియరీకి లోటే లేదు. లోటు ఎక్కడుందో అక్కడ పరీక్షే లేదు.

పిల్లలు మాత్రం ఊరుకోలేదు. మావాడి అట్టపెట్టె అట్లాంటిదే. ల్యాపరోస్కోపీలో కష్టం ఏంటంటే, చెయ్యి కుడికి పోతే లోపల కొన ఎడమకి పోతుంది, ఎందుకంటే పరికరం రంధ్రం దగ్గర తూగుడుబల్ల లాగ తిరుగుతుంది. పైగా స్క్రీన్ మీద లోతు కనపడదు. ఈ రెండింటికీ మెదడును అలవాటు చేయడానికి శనగలు, రబ్బర్ బ్యాండ్లు, చికెన్ ముక్క మీద కుట్లు నిజంగానే పనికొస్తాయి. కానీ అట్టపెట్టెలో రక్తం రాదు. రక్తం వచ్చినప్పుడు కంగారు పడకుండా వేలు ఎక్కడ పెట్టాలో పెట్టె నేర్పదు.

పాసయ్యాక చాలామంది వెంటనే సొంతంగా మొదలుపెట్టకుండా పెద్ద హాస్పిటల్‌లో సీనియర్ రెసిడెంట్‌గా చేరి, పోయిన ఆపరేషన్లు అక్కడ చేసుకున్నారు. ల్యాపరోస్కోపీ కోసం ఎఫ్‌మాస్, ఫియాజెస్ లాంటి ఫెలోషిప్‌లు చేసినవాళ్లు ఉన్నారు. ఇంకోటి, 2020లోనే వచ్చిన రూల్ ప్రకారం 2021 బ్యాచ్ నుంచి ప్రతి పీజీ మూడు నెలలు జిల్లా హాస్పిటల్‌లో పనిచేయాలి. డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ అంటారు. దీన్ని కొందరు శిక్షలాగ చూశారు, నాకైతే మంచిదే అనిపిస్తుంది. పెద్ద హాస్పిటల్‌లో ఒక అపెండిక్స్‌కి నలుగురు పీజీలు క్యూలో ఉంటారు. జిల్లా హాస్పిటల్‌లో క్యూ చిన్నది.

ఇప్పుడు ఆ పాయింట్‌కి వస్తా అన్నాను కదా. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో గవర్నమెంట్ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. 2023లో కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్ల. కరీంనగర్‌లో అప్పటిదాకా చల్మెడ, ప్రతిమ రెండూ ప్రైవేటువే. ఇన్ని కాలేజీలకు సర్జన్లు కావాలి. సరిగ్గా ఆ సంవత్సరాల్లో బయటకొచ్చిన బ్యాచ్‌లు ఏవి? 2019, 2020లో చేరినవాళ్లు. అంటే కోవిడ్‌లో నేర్చుకున్నవాళ్లే ఇలాంటి చోట్ల సర్జన్లు, రేపు పీజీలకు నేర్పేది కూడా వాళ్లే. గాంధీలో అయితే పక్క టేబుల్ మీద సీనియర్ ఉంటాడు, పిలిస్తే వస్తాడు. రాత్రి రెండింటికి చిన్న ఊళ్లో పిలవడానికి ఎవరుంటారు?

దీని అర్థం వాళ్ల దగ్గరికి పోవద్దని కాదు, దయచేసి కామెంట్లలో అట్ల రాయకండి. వాళ్లు ఆ తర్వాత ఏళ్లలో చాలా కేసులు చేశారు. అట్టపెట్టెతో కష్టపడ్డవాడికి తన లోటు ఎక్కడుందో బాగా తెలుసు కూడా. మీ ఇంట్లో ఎవరికైనా ముందే డేట్ పెట్టిన ఆపరేషన్ ఉంటే మర్యాదగా మూడు అడగొచ్చు. డాక్టర్ గారూ, ఇది మీరు ఎన్నిసార్లు చేశారు? కష్టమైతే సాయానికి ఎవరుంటారు? కెమెరాతో చేస్తూ మధ్యలో కుదరకపోతే ఓపెన్ చేస్తారా? మంచి సర్జన్ వీటికి కోపం తెచ్చుకోడు. మధ్యలో ఓపెన్ చేశారంటే ఫెయిల్ అయ్యారని కాదు, అది సేఫ్టీ కోసం తీసుకునే నిర్ణయం.

మా దోస్తు 2022లో పాసయ్యిండు. సొంతంగా పెడదాం అన్న ప్లాన్ పక్కన పెట్టి ఇంకో రెండేళ్లు పెద్ద హాస్పిటల్‌లో సీనియర్ల పక్కన నిలబడ్డడు. పెళ్లి వాయిదా, జీతం తక్కువ, ఇంట్లో గొడవ. ఇప్పుడు మన వైపే ఒక ఊళ్లో చేస్తున్నడు, ఏ ఊరో చెప్పొద్దన్నడు. పోయిన నెల కలిస్తే ఆ అట్టపెట్టె ఇంకా ఉందారా అని అడిగిన. ఉంది, కొత్తగా పీజీ వచ్చిన మా చెల్లెకి ఇచ్చిన అన్నడు. ఫోన్ రంధ్రం మాత్రం పెద్దగ చేయాల్సొచ్చిందట, ఆమె ఫోన్‌కి మూడు కెమెరాలు.